కొలతల చరిత్ర – 7: ముక్కు నుంచి మెదడు దాకా



పోయిన భాగం రిజ్లీ, థర్‌స్టన్‌ల దగ్గర ఆపాం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ మన తాతల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలుగా అచ్చు వేయించిన సంగతి చెప్పుకున్నాం. ముక్కు ఎంత వెడల్పుగా ఉంటే కులం అంత కింద ఉంటుందని రిజ్లీ చేసిన వాదన గురించీ మాట్లాడుకున్నాం.

అది చదివాక రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, అదంతా బ్రిటిష్ వాళ్ల కాలం నాటి చెత్త. ఇప్పుడు ఎమ్మారై ఉంది, నేరుగా మెదడునే చూస్తున్నారు. ఇప్పటికీ కొలతలను అనుమానించాలా?" ఇంకో చెల్లెలు అడిగింది: "మా తమ్ముడికి ఏడీహెచ్‌డీ ఉండొచ్చన్నారు. ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. మెదడు స్కాన్ తీయిస్తే తేలిపోతుందా?"

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చరిత్రలో ఉంది. అందుకే ఈ భాగం ఏడీహెచ్‌డీ మీద, దాన్ని మెదడులో వెతికిన ఫొటోల మీద.

ముందే నా మాట చెప్పేస్తాను. ఏడీహెచ్‌డీ నిజం. ఆ పిల్లల కష్టం నిజం. కానీ ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ దాన్ని తేల్చే మెదడు ఫొటో ఈ రోజుకీ లేదు. సాయం అందడానికి ఆ ఫొటో అక్కర్లేదు కూడా. ఈ మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా మన పిల్లలే నష్టపోతారు.

1. మొదట అది 'నీతి' సమస్య

1902లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ మూడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివితేటలకు లోటు లేదు, అయినా నిలకడ ఉండదు, కోపం ఆగదు, చెప్పిన మాట మనసుకు పట్టదు. ఇలాంటి పిల్లల గురించి మాట్లాడుతూ దానికి ఆయన పెట్టిన పేరు 'నైతిక నియంత్రణ లోపం'. కారణం పెంపకంలోనే లేదని, శరీరంలో ఉండొచ్చని ఆయన అన్నాడు. అది ముందడుగే. కానీ పేరులో మాత్రం 'నీతి' ఉండిపోయింది.

ఆ పేరు మన బడులకు కొత్తది కాదు. 'కుదురు లేదు', 'బుద్ధి లేదు', 'వీడికి చదువు అబ్బదు'. ఇవన్నీ వైద్యం భాషలో కాకుండా నీతి భాషలో ఇచ్చే తీర్పులే. వాటికి కులం పేరు తోడైతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2. తలలో గాలి నింపిన రోజులు

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 1931లో పిల్లల కోసం ఒక ఆస్పత్రి తెరిచారు. మెదడువాపు వల్ల వికలాంగురాలైన ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ అనే అమ్మాయి పేరు మీద ఆమె తల్లిదండ్రుల ఆస్తితో కట్టింది అది. వాళ్ల బంధువైన చార్లెస్ బ్రాడ్లీ అక్కడ డాక్టర్.

అప్పటికి మెదడును చూసే దారులు చాలా తక్కువ. మామూలు ఎక్స్‌రేలో మెదడు కనపడదు. అందుకని వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి లాగి, దాని బదులు గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. 1919లో వాల్టర్ డాండీ కనిపెట్టిన పద్ధతి ఇది. తర్వాత భరించలేని తలనొప్పి వచ్చేది. పిల్లలక్కూడా.

ఆ తలనొప్పి తగ్గుతుందేమోనని బ్రాడ్లీ బెంజెడ్రిన్ అనే మాత్ర ఇచ్చి చూశాడు. అది యాంఫిటమిన్ జాతి ఉత్ప్రేరకం. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. కానీ బడిలో టీచర్లు ఒక మార్పు గమనించారు. 1937లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం 30 మంది పిల్లలకు వారం పాటు ఈ మందు ఇస్తే, 14 మంది చదువులో ఊహించనంత మెరుగయ్యారు. పిల్లలు వాటిని 'లెక్కల మాత్రలు' అనేవాళ్లు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏడీహెచ్‌డీ చికిత్స చరిత్ర మెదడు ఫొటో తీసే ప్రయత్నంతోనే మొదలైంది. అయితే చరిత్రలో నిలిచింది ఆ ఫొటో కాదు, ఫొటో తెచ్చిన తలనొప్పికి ఇచ్చిన మాత్ర. ఫొటో కంటే ముందు టీచర్ కన్ను చూసింది, పిల్లల నోరు చెప్పింది.

ఇంకో ముక్క కూడా చేర్చాలి. మాత్ర పనిచేసింది కాబట్టి జబ్బు ఉన్నట్టే అని ఎవరైనా అంటే, 1978లో జుడిత్ రాపోపోర్ట్ బృందం ఇచ్చిన జవాబు గుర్తుపెట్టుకోండి. ఏ సమస్యా లేని 14 మంది మగపిల్లలకు ఇదే రకం మందు ఇచ్చి చూశారు. వాళ్ల ఏకాగ్రత కూడా పెరిగింది. కాబట్టి మాత్ర పనిచేయడం జబ్బుకు రుజువు కాదు. మందు పనికిరాదని దీనర్థం కాదు. అవసరమైన పిల్లలకు డాక్టర్ పర్యవేక్షణలో అది మేలు చేస్తుంది.

3. తిరుగుబాటు మెదడులో పుట్టే జబ్బా?

మెదడు భాషను ఎవరు ఎవరి మీద వాడారో చూడకుండా ఈ చరిత్ర అర్థం కాదు.

1851లో అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్ ఒక 'జబ్బు' కనిపెట్టాడు. పేరు డ్రాపెటోమేనియా. లక్షణం ఏమిటంటే, బానిస యజమాని దగ్గర్నుంచి పారిపోవాలనుకోవడం! స్వేచ్ఛ కోరడమే రోగం.

అది పాత కథ అంటారా? 1967లో డెట్రాయిట్‌లో నల్లజాతి వాడల్లో తిరుగుబాటు చెలరేగింది. అదే ఏడాది మార్క్, స్వీట్, ఎర్విన్ అనే ముగ్గురు డాక్టర్లు అమెరికా వైద్య సంఘం పత్రికకు ఉత్తరం రాశారు. పేదరికం, నిరుద్యోగం అందరూ చెప్పే కారణాలే, మరి వాడలో అందరూ తిరగబడలేదు కదా, తిరగబడ్డవాళ్ల మెదడులో లోపమేదైనా ఉందేమో చూడాలి అని దాని సారాంశం. వాడలో ఇళ్లెందుకు అలా ఉన్నాయి, పోలీసులెందుకు కొట్టారు అని అడగాల్సిన చోట, వీళ్ల తలలో ఏముంది అని అడిగారు.

అందుకే 1970లో ఒమాహా నగరంలో బడి పిల్లలకు ప్రవర్తన మందులు ఇస్తున్నారని రాబర్ట్ మేనార్డ్ అనే నల్లజాతి పాత్రికేయుడు వాషింగ్టన్ పోస్ట్‌లో రాసినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ వార్తలోని అంకె అసలు కంటే చాలా పెద్దదని తర్వాత బయటపడింది. కానీ అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. నల్లజాతి తల్లిదండ్రుల భయం గాల్లోంచి పుట్టింది కాదు. వందేళ్ల అనుభవంలోంచి పుట్టింది.

ఈలోగా జబ్బు పేరు మారుతూ వచ్చింది. మొదట 'స్వల్ప మెదడు దెబ్బ' అన్నారు. దెబ్బ ఎక్కడా కనపడకపోయేసరికి 'స్వల్ప మెదడు పనితీరు లోపం' అన్నారు. 1968లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్‌ఎం దీన్ని పిల్లల్లో అతిచలనంగా రాసుకుంది. 1980లో 'ఏకాగ్రత లోపం' ముందుకొచ్చింది. 1987లో ఇప్పుడు వాడే ఏడీహెచ్‌డీ అనే పేరు స్థిరపడింది.

4. రంగుల ఫొటో వచ్చింది

1990 నవంబరులో అలన్ జామెట్కిన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం వేసింది. పద్ధతి పెట్ స్కాన్. రేడియోధార్మికత కలిపిన చక్కెర లాంటి పదార్థాన్ని ఒంట్లోకి పంపి, మెదడులో ఏ భాగం ఎంత చక్కెర ఖర్చు చేస్తోందో చూస్తారు. రేడియేషన్ ఉంటుంది కాబట్టి పిల్లల మీద కాకుండా, చిన్నప్పటి నుంచీ ఈ సమస్య ఉన్న 25 మంది పెద్దల మీద చేశారు. పోలికకు 50 మందిని తీసుకున్నారు. సమస్య ఉన్నవాళ్ల మెదడు సగటున 8.1 శాతం తక్కువ చక్కెర వాడింది. తేడా ఎక్కువగా నుదుటి వెనక భాగంలో, కదలికలను సిద్ధం చేసే భాగంలో కనపడింది. పని ముందుగా ఆలోచించుకోవడం, తొందరను ఆపుకోవడం వంటివి అక్కడి పనులే.

ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఒక మెదడు రంగులతో వెలుగుతుంటుంది, పక్కన ఇంకోటి మసకగా ఉంటుంది. తల్లిదండ్రుల సంఘాలు దాన్ని చేతబట్టుకున్నాయి. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. 'మీ పెంపకమే బాగాలేదు' అని ఏళ్ల తరబడి మాటలు పడ్డ తల్లికి ఆ ఫొటో ఒక కవచం.

కానీ 1993లో అదే బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 10 మంది కౌమారులను, లేని 10 మందిని పోల్చింది. మొత్తం మెదడు చక్కెర వాడకంలో తేడా దొరకలేదు. 1990 ఫొటో తిరిగినంత దూరం 1993 ఫలితం తిరగలేదు. ఫొటో కళ్లకు అతుక్కుంటుంది. 'తేడా దొరకలేదు' అనే వాక్యాన్ని పోస్టర్ మీద ఎవరూ వేయరు.

5. ఎమ్మారై: చిన్న మెదడా, ఆలస్యమయ్యే మెదడా?

ఎమ్మారైకి రేడియేషన్ లేదు. పిల్లల మెదడును నేరుగా చూసే వీలు వచ్చింది. 1996లో జేవియర్ కాస్టెల్లానోస్ బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 57 మంది మగపిల్లలను, లేని 55 మందిని కొలిచి, మెదడు పరిమాణం సగటున 4.7 శాతం తక్కువ అని చెప్పింది. మగపిల్లలే అన్న మాట గమనించండి. ఎగిరే గెంతే మగపిల్లాడి చుట్టూనే ఈ జబ్బు బొమ్మ గీశారు. కిటికీలోంచి చూస్తూ పాఠం జారవిడుచుకునే ఆడపిల్ల చాలాకాలం ఎవరి లెక్కలోకీ రాలేదు.

2002లో అదే వరసలో పెద్ద అధ్యయనం వచ్చింది. 152 మంది ఒకవైపు, 139 మంది ఇంకోవైపు. తేడా సుమారు 3 శాతం. మందులు వాడని 49 మందిలోనూ తేడా ఉంది కాబట్టి ఇది మందు వల్ల వచ్చింది కాదన్నారు. విమర్శకులు వెంటనే అడిగారు: మందు వాడని పిల్లలు పోలిక గుంపు కంటే సగటున రెండేళ్లు చిన్నవాళ్లు కదా, ఆ పోలిక ఎలా నిలుస్తుంది?

ఇంతకీ 3 శాతం అంటే ఎంత? ఆడవాళ్ల మెదడు మగవాళ్ల మెదడు కంటే సగటున 10 శాతం చిన్నది. అంత మాత్రాన ఆడవాళ్లకు తెలివి తక్కువని వాదించిన పండితులు 19వ శతాబ్దంలో బోలెడు మంది. వాళ్లను చరిత్ర చెత్తబుట్టలో వేసింది. పరిమాణం చూసి మనిషిని తూచేవాళ్లకు ఆ ఒక్క జవాబు చాలు.

2007లో ఫిలిప్ షా బృందం అడిగిన ప్రశ్న వేరు, నా దృష్టిలో చాలా విలువైనది. మెదడు ఎంత ఉంది అని కాకుండా ఎలా పెరుగుతోంది అని అడిగారు. ఏడీహెచ్‌డీ ఉన్న 223 మందిని, లేని 223 మందిని పోల్చారు. మెదడు పైపొర పెరుగుతూ ఒక వయసుకు గరిష్ఠ మందానికి చేరుతుంది. మామూలు పిల్లల్లో అది సుమారు ఏడున్నర ఏళ్లకు, ఏడీహెచ్‌డీ పిల్లల్లో సుమారు పదిన్నర ఏళ్లకు. సగటున మూడేళ్ల ఆలస్యం, ఎక్కువగా నుదుటి వెనక భాగంలో. పెరిగే వరస మాత్రం ఒకటే.

ఇది గొప్ప మాట. 'చెడిపోయిన మెదడు' అనే భాషను 'నిదానంగా తయారవుతున్న మెదడు' అనే భాష వైపు తిప్పింది. అయితే ఇది కూడా గుంపు సగటే. ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్లవాడి గురించి అది తీర్పు చెప్పదు.

6. సగటుకూ మనిషికీ మధ్య దూరం

2011లో ఒక అంతర్జాతీయ పోటీ పెట్టారు. ఏడీహెచ్‌డీ-200 దాని పేరు. వందలమంది పిల్లల మెదడు స్కాన్లు ఇచ్చి, వీటిని చూసి ఎవరికి ఏడీహెచ్‌డీ ఉందో చెప్పండి అన్నారు. స్కాన్లు వాడిన జట్ల కంటే ఎక్కువ సరిగ్గా చెప్పింది కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం జట్టు. వాళ్లు తుది జవాబుకు స్కాన్లే వాడలేదు. వయసు, ఆడా మగా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, ఐక్యూ వంటి వివరాలతో 62.5 శాతం సరిగ్గా చెప్పారు. ఫొటో వాడలేదు కాబట్టి బహుమతికి అర్హత లేదన్నారు! ఆ జట్టు దీన్నే వ్యాసంగా రాసి ప్రచురించింది.

2017లో ఎనిగ్మా అనే ప్రపంచవ్యాప్త బృందం 23 చోట్ల నుంచి 1,713 మంది ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లను, 1,529 మంది లేనివాళ్లను కలిపి లెక్కేసింది. మెదడు లోపలి కొన్ని భాగాలు సగటున చిన్నగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద తేడా అమిగ్డలా అనే భాగంలో, గణాంకాల భాషలో 0.19. పెద్దవాళ్లలో తేడా తేలలేదు. దీంతో ఏడీహెచ్‌డీ మెదడు రుగ్మత అని రుజువైందని రాశారు, దాని మీద గట్టి విమర్శలూ వచ్చాయి.

ఆ 0.19 అంటే ఏమిటో చూద్దాం. రెండు గుంపులనూ ఒకదాని మీద ఒకటి పరిస్తే 92 శాతం కలిసిపోతాయి. ఏడీహెచ్‌డీ ఉన్న ఒకరిని, లేని ఒకరిని కళ్లు మూసుకుని జతగా తీయండి. వంద జతలు తీస్తే, ఉన్నవాళ్లలో ఆ భాగం చిన్నగా ఉండేది సుమారు 55 జతల్లో. రూపాయి బిళ్ల ఎగరేస్తేనే 50 వస్తుంది కదా!

2022లో అమెరికాలో 9, 10 ఏళ్ల పిల్లలు 10 వేలకు పైగా ఉన్న జనాభా అధ్యయనంలో చూస్తే తేడాలు ఇంకా తగ్గిపోయాయి. ఉన్న కొద్దిపాటివి 0.11 దాటలేదు. అదే ఏడాది నేచర్ పత్రికలో మరో హెచ్చరిక వచ్చింది: మెదడు కొలతలను ప్రవర్తనతో ముడిపెట్టాలంటే వేలమంది కావాలి, పాతిక ముప్పై మందితో తీసిన ఫలితాలు నిలవవు అని.

ఇంకో చిక్కు ఉంది. ఎమ్మారై గొట్టంలో కదలకుండా పడుకోవాలి. తల కొద్దిగా కదిలినా యంత్రం మెదడు పొరను ఉన్నదానికంటే పల్చగా కొలుస్తుందని 2015లో తేల్చారు. అంటే కదలకుండా ఉండలేకపోవడమే సమస్య అయిన పిల్లలను, కదలకుండా ఉండమని చెప్పి కొలుస్తున్నాం. కదిలితే కొలత తప్పు. బాగా కదిలినవాళ్లను తీసేస్తే, ఎక్కువ కష్టం ఉన్న పిల్లలే లెక్కలోంచి పోతారు.

అందుకే 2013 నాటి డీఎస్‌ఎం-5 కూడా ఏడీహెచ్‌డీని తేల్చే శారీరక పరీక్ష ఏదీ లేదనే చెప్పింది. చెల్లెమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. మూర్ఛ, తలకు దెబ్బ లాంటి అనుమానం ఉండి డాక్టర్ అడిగితే స్కాన్ వేరే సంగతి. ఏడీహెచ్‌డీ తేల్చడం కోసం స్కాన్‌కు డబ్బు పోయకండి. ఇంట్లో, బడిలో, చిన్నప్పటి నుంచీ ఎలా ఉన్నాడో విడమరిచి అడిగి, వేరే కారణాలను పక్కకు తీసి తేల్చేదే సరైన పరీక్ష.

7. ఫొటోలో కనపడనిది: అద్దె ఇల్లు, సీసం పొగ, ఖాళీ కంచం

ఏడీహెచ్‌డీలో వారసత్వం పాత్ర పెద్దదని కవల పిల్లల అధ్యయనాలు చెబుతున్నాయి. దాన్ని దాచక్కర్లేదు. అది కుటుంబాల్లో నడిచే సంగతి, ఏ కులానికీ అంటగట్టేది కాదు. కానీ మెదడు గాల్లో పెరగదు.

1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టర్ మసాచుసెట్స్‌లోని బడి పిల్లల ఊడిన పాలపళ్లు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. 2 వేలకు పైగా పిల్లల ప్రవర్తన గురించి, పళ్లలో ఏముందో తెలియని టీచర్లతో రాయించాడు. సీసం ఎక్కువైన కొద్దీ 'మనసు నిలవదు', 'పని పూర్తి చేయడు' అనే మాటలు ఎక్కువయ్యాయి. సీసం పరిశ్రమ తరఫు నిపుణులు ఆయన మీద శాస్త్ర మోసం ఆరోపణ పెట్టారు. విచారణలో ఆ మోసం రుజువు కాలేదు. 2008లో సిన్సినాటిలో, చిన్నప్పుడు సీసం బారిన పడ్డ 157 మందిని పెద్దయ్యాక ఎమ్మారై తీశారు. సీసం ఎక్కువ ఎక్కినవాళ్ల మెదడులో పదార్థం తగ్గింది. ఎక్కడ? ముఖ్యంగా నుదుటి వెనక భాగంలోనే.

అంటే 'లోపం' కనపడే చోటు ఒకటే కావచ్చు. కారణం జన్యువు కావచ్చు, పక్కనున్న బట్టీ పొగ కావచ్చు. ఫొటో ఆ తేడా చెప్పదు. యునిసెఫ్ 2020 నివేదిక ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మంది దాకా పిల్లల రక్తంలో సీసం హెచ్చరిక స్థాయిలో ఉంది, అందులో 27 కోట్లకు పైగా మన దేశంలోనే. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట పని ఎవరు చేస్తారు, ఆ పొగ పక్కన ఇల్లు ఎవరికి దొరుకుతుంది? మన ఊళ్లలో వాడ ఏ దిక్కున ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

2015లో కింబర్లీ నోబెల్ బృందం 1,099 మంది పిల్లలు, యువకుల మెదళ్లను కుటుంబ ఆదాయంతో పోల్చింది. బాగా పేద ఇళ్లలో ఆదాయం కాస్త తేడా ఉన్నా మెదడు పైపొర వైశాల్యంలో పెద్ద తేడా కనపడింది. ఉన్నవాళ్ల ఇళ్లలో అంతే ఆదాయ తేడాకు పెద్దగా మార్పు లేదు.

2023లో నథాలీ డుమోర్నే బృందం ఇచ్చిన ఫలితం మనం కంఠస్థం చేయాల్సింది. అమెరికాలో 9, 10 ఏళ్ల నల్లజాతి, తెల్లజాతి పిల్లల మెదళ్లలో కొన్ని భాగాల్లో సగటు తేడాలు కనిపించాయి. రిజ్లీ అయితే అక్కడ ఆగి 'జాతి' అని రాసేసేవాడు. వీళ్లు ఆగలేదు. ఇంటి ఆదాయం, కష్టాలు, వాడ పరిస్థితి లెక్కలోకి తెచ్చారు. నల్లజాతి పిల్లలు ఆ కష్టాలను చాలా ఎక్కువగా మోస్తున్నారని, మెదడు తేడాల్లో చాలా భాగానికి ఆ కష్టాలే, అందులో ముఖ్యంగా ఆదాయమే కారణమని చూపించారు. జాతి తేడాగా కనపడేది అన్యాయం మిగిల్చిన గుర్తు.

అదే యంత్రం, అవే కొలతలు. అడిగిన ప్రశ్న మారింది, జవాబు మారింది.

8. పేరు ఎవరికి, శిక్ష ఎవరికి?

ఇప్పుడు రెండోవైపు చూడండి. జబ్బు పేరు అంటగడతారని భయపడ్డాం కదా. అసలు పేరు దొరక్కపోతే ఏమవుతుంది?

2013లో పీడియాట్రిక్స్ పత్రికలో పాల్ మోర్గన్ బృందం వ్యాసం వచ్చింది. బడిలో చేరినప్పటి నుంచి 8వ తరగతి దాకా అమెరికా పిల్లలను గమనించారు. ప్రవర్తన, ఇంటి పరిస్థితి లెక్కలోకి తీసుకున్నాక, తెల్లపిల్లలతో పోలిస్తే నల్లజాతి పిల్లలకు ఏడీహెచ్‌డీ నిర్ధారణ దొరికే అవకాశం 69 శాతం తక్కువ. మరి వాళ్లేమవుతున్నారు? అమెరికా విద్యాశాఖ 2014లో విడుదల చేసిన లెక్కల ప్రకారం, నల్లజాతి పిల్లలను బడి నుంచి సస్పెండ్ చేయడం, తీసేయడం తెల్లపిల్లల కంటే మూడు రెట్లు ఎక్కువ. ఒకే అల్లరికి ఒకరికి డాక్టర్, ఇంకొకరికి టీసీ.

పేరు ఇచ్చేటప్పుడూ బడి గడియారమే కొలబద్ద అవుతుంది. కెనడాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసిన 2012 అధ్యయనంలో, డిసెంబరులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన మగపిల్లలకు, జనవరిలో పుట్టినవాళ్ల కంటే 30 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ పేరు వచ్చింది. ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. పదకొండు నెలలు చిన్న కావడమే జబ్బుగా కనపడింది. మన పల్లెల్లో ఎంతమంది పుట్టినరోజులు బడిలో సారు రాసిన తేదీలో గుర్తుచేసుకోండి. వయసు లెక్కే సరిగ్గా లేని చోట ఈ తప్పు ఎంత సులువో తెలుస్తుంది.

9. మరి మనమేం చేయాలి?

మన ముందు రెండు గోతులున్నాయి.

మొదటిది, 'ఇదంతా డబ్బున్న ఇళ్ల జబ్బు, మందుల కంపెనీల కట్టుకథ' అని కొట్టిపారేయడం. ఇలా అంటే నష్టపోయేది మొదటి తరం చదువుకుంటున్న మన పిల్లలే. డబ్బున్న ఇంటి పిల్లాడికి నిలకడ లేకపోతే నిపుణుడు, ట్యూషన్, ఓపిక దొరుకుతాయి. హాస్టల్లో ఉన్న మన పిల్లాడికి అదే ఉంటే దెబ్బలు, వెనక బెంచీ, చివరికి బడి మానేయడం. పైగా 'రిజర్వేషన్ సీటు, చదవలేకపోయాడు' అన్న మాట జీవితాంతం.

రెండోది, మెదడు ఫొటోనే దేవుడనుకోవడం. ఈ రోజు జబ్బు రుజువుకు ఫొటో అడిగినవాళ్లు, రేపు 'మెరిట్' రుజువుకూ అడుగుతారు. సగటు తేడా ఒకటి చూపించి, 'చూశారా, వీళ్ల మెదడే అంత' అనడానికి ఆట్టే కాలం పట్టదు. ముక్కుతో మొదలైన వాదనకు మెదడు కొత్త చొక్కా మాత్రమే.

ఇక్కడ బాబాసాహెబ్ దారి చూపారు. 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకంలో ఆయన కొలతలను చూసి పారిపోలేదు. ఘుర్యే సేకరించి పెట్టిన ముక్కు కొలతల పట్టికలనే తీసుకుని, బ్రాహ్మణులదీ అంటరానివారిదీ వేరు వేరు జాతి అన్న వాదన ఆ అంకెల ముందే నిలవదని చూపించారు. శాస్త్రాన్ని తిట్టలేదు, మొక్కలేదు, చదివారు. విద్యార్థి మిత్రులు చేయాల్సిన పని అదే. 'మెదడు ఫొటోలో తేలింది' అని ఎవరైనా అంటే నాలుగు ప్రశ్నలు అడగండి: ఎంతమందిని చూశారు? రెండు గుంపులు ఎంత మేరకు కలిసిపోయాయి? పోల్చినవాళ్ల వయసు, ఇంటి ఆదాయం సమానమేనా? గుంపు సగటును ఒక మనిషికి ఎలా అంటగడుతున్నారు?

కార్యకర్త మిత్రులకు ఒక పని. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాలకు పంపాలి. పరీక్షించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు ఉంది. మన హాస్టళ్లకు, బడులకు ఆ బృందం చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఏడీహెచ్‌డీ కోసం ఎంతమందిని చూసింది, ఎంతమందిని డీఈఐసీకి పంపింది? సమాచార హక్కు కింద అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు ఉన్నాయి. నేర్చుకోవడంలో ఇబ్బందులు అందులో ఉన్నాయి కానీ ఏడీహెచ్‌డీని విడిగా పేర్కొనలేదు. దాన్ని చేర్చమని అడగడం కూడా సామాజిక న్యాయ డిమాండే.

టీచర్లయిన మిత్రులకు ఒక్క మాట. పాఠాన్ని చిన్న ముక్కలు చేయండి. మధ్యలో లేచి తిరిగే పని ఆ బిడ్డకే అప్పగించండి. ముందు బెంచీ ఇవ్వండి. వీటికి స్కాన్ అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు. బెత్తం పక్కన పెడితే చాలు.

తలలో గాలి నింపిన రోజుల నుంచి వేలమంది ఎమ్మారైల దాకా తొంభై ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్ల ఫొటోలు నిజాయితీగా చెప్పింది ఒకటే: ఈ పిల్లలు మనలాంటివాళ్లే, కొందరికి కొంచెం ఎక్కువ సమయం కావాలి. సమయం ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నిర్ణయిస్తున్నది మాత్రం మెదడు కాదు. దాన్ని నిర్ణయిస్తున్నవాళ్లతోనే మన పేచీ.

వచ్చే భాగంలో ఐక్యూ పరీక్ష గురించి మాట్లాడుకుందాం. చదివినవాళ్లు మీ హాస్టల్ గ్రూపుల్లో పంచుకోండి, విభేదాలుంటే రాయండి.

జై భీమ్.